ఇంటి చమురు ట్యాంకు: కారకముందే కనిపెట్టడం, అదను చూసి మార్చడం

న్యూజెర్సీ, న్యూయార్క్, కనెటికట్, మసాచుసెట్స్, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో 1950, 60 దశకాల నాటి ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు ఇంటితోపాటు చమురు ట్యాంకు కూడా చేతికి రావడం మామూలే. అమెరికాలో దాదాపు 50 లక్షల ఇళ్లు ఇప్పటికీ చలికాలపు వెచ్చదనానికి హీటింగ్ ఆయిల్ మీదే ఆధారపడుతున్నాయి. వాటిలో ఐదింట నాలుగు వంతులు ఈ ఈశాన్య ప్రాంతంలోనే ఉన్నాయి. ఇల్లు వెచ్చబెట్టుకునే అవసరమే లేని ఊళ్లలో పెరిగిన మనకు గాలిని వేడిచేసి గదుల్లోకి పంపే ఫర్నేసు, నీటిని వేడిచేసి పంపే బాయిలరు, వాటికి చమురు అందించే ట్యాంకు పూర్తిగా కొత్త సరంజామా. అందువల్ల ఇల్లు చూసేటప్పుడు వంటగది, పైకప్పు, స్కూళ్లు అన్నీ ఆరా తీసినవారు కూడా ట్యాంకు వయసెంతని అడగకుండానే సంతకాలు చేసేస్తుంటారు.

నేల పైన ఉన్న ట్యాంకును మార్చడానికయ్యే ఖర్చు కొన్ని వేల డాలర్లలో తేలిపోతుంది. అదే ట్యాంకు కారి చమురు మట్టిలోకో భూగర్భజలాల్లోకో దిగితే, మట్టి తవ్వి తరలించి, పరీక్షలు చేయించి, ప్రభుత్వానికి నివేదికలు సమర్పించేసరికి ఖర్చు పదివేల డాలర్లతో మొదలవుతుంది, లక్ష దాటిన సందర్భాలూ ఉన్నాయి. ఇంటి బీమా దాన్ని భరిస్తుందన్న నమ్మకం కూడా పెట్టుకోవడానికి లేదు, ఎందుకంటే మామూలు పాలసీలు కాలుష్యానికి సంబంధించిన నష్టాన్ని సాధారణంగా మినహాయిస్తాయి. కనుక కారేదాకా ఆగకుండా, కంటికి కనిపించే ట్యాంకును తరచూ దగ్గరకు వెళ్లి చూసుకుంటూ, కాలం తీరినదాన్ని చలి లేని నెలల్లో తీరిగ్గా మార్చుకోవాలన్నదే ఇక్కడ నేను చెప్పదలచుకున్న విషయం.

ట్యాంకును ముందు గుర్తుపట్టడం

ఎక్కువ ఇళ్లలో ఉండేది 275 గ్యాలన్ల ఉక్కు ట్యాంకు. సుమారు 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల ఎత్తు, 27 అంగుళాల వెడల్పుతో, పైనా కిందా గుండ్రంగా, పక్కలు బల్లపరుపుగా ఉండి, నాలుగు ఇనుప కాళ్ల మీద నిలబడుతుంది. పైభాగంలో గాలికి చోటు వదలాలి కాబట్టి అందులో నిజానికి పట్టేది 250 గ్యాలన్ల దాకానే. గ్యాలను చమురు ఏడు పౌండ్లకు కాస్త పైన తూగుతుంది. అంటే నిండు ట్యాంకులో చమురు బరువే 800 కిలోలు దాటుతుంది. ఆ బరువంతా నాలుగు కాళ్ల మీద పడుతుందన్న సంగతి గుర్తుంచుకుంటే, తుప్పు పట్టిన కాలును, ఒరిగిన పునాదిని ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదో అర్థమవుతుంది.

ట్యాంకు నుంచి రెండు గొట్టాలు గోడ గుండా బయటికి పోతాయి. లావుది, రెండు అంగుళాలది, చమురు నింపే గొట్టం. సన్నగా, పైన వంకీ తిరిగి ఉండేది గాలి గొట్టం. ఈ రెండో దాని మొదట్లో ట్యాంకు లోపలికి దిగి ఒక ఈల బిగించి ఉంటుంది. లారీ నుంచి చమురు పడుతున్నప్పుడు లోపలి గాలి ఆ ఈల గుండా తోసుకొచ్చి శబ్దం చేస్తుంది. చమురు ఈల అంచును తాకగానే శబ్దం ఆగిపోతుంది. బయట నిలబడి చమురు పోసే డ్రైవరుకు ట్యాంకు నిండిందని తెలిసేది దానివల్లనే. ఈల మోగకపోతే చమురు పోయడం వెంటనే ఆపేయాలన్నది ఆ వృత్తిలో ఉన్నవారు ఖచ్చితంగా పాటించే నియమం. డ్రైవరు ఆ కారణం చెప్పి చమురు పోయకుండా వెళ్లిపోతే విసుక్కోకండి, ఆయన మీ ఇంటిని కాపాడాడు. ముందు ఈల సంగతి చూడమని చమురు కంపెనీకి ఫోన్ చేయండి.

ట్యాంకు అడుగు నుంచో, పై నుంచో బయల్దేరే సన్నని రాగి గొట్టం చమురును బర్నరుకు, అంటే ఫర్నేసులోనో బాయిలరులోనో దాన్ని మండించే భాగానికి, తీసుకుపోతుంది. దాని మీద ట్యాంకు దగ్గరే ఒక వాల్వు, ఆ పక్కన డబ్బా ఆకారంలో ఒక ఫిల్టరు ఉంటాయి. అగ్నిప్రమాదం జరిగినప్పుడు 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడికి కరిగిపోయే లోహపు బిళ్ల ఆ వాల్వులో ఉంటుంది. అది కరగగానే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. ట్యాంకు పైన గాజు బుడ్డిలా కనిపించే ప్లాస్టిక్ గొట్టంలో తేలుతూ ఉండేది మట్టం చూపే గేజు.

ట్యాంకు పక్కన తయారీదారు లేబులు ఉంటుంది. దాని మీద సంవత్సరం కనిపిస్తే రాసుకోండి. లేబులు చెరిగిపోతే ట్యాంకు పెట్టినప్పటి పర్మిట్ కోసం టౌన్ ఆఫీసులో అడగవచ్చు.

మూడు నెలలకోసారి, చేతిలో టార్చిలైటుతో

ఉక్కు ట్యాంకు పైనుంచి చూస్తే ఎంత బాగున్నా, దాని గుట్టు అడుగున ఉంటుంది. గాలిలోని తేమ లోపల నీటిబొట్లుగా మారి, చమురు కంటే బరువైనది కాబట్టి కిందికి దిగి, అడుగుభాగంలో నిలుస్తుంది. ఆ నీటికీ చమురుకూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి, ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పుపొడితో కలిసి నల్లని మడ్డి తయారవుతుంది. ఆ మడ్డి కింద ఉక్కు లోపలి నుంచి గుంటలు గుంటలుగా తినుకుపోతుంది. ట్యాంకుకు వాడే పన్నెండో గేజి (రేకు మందాన్ని చెప్పే కొలత) ఉక్కు రేకు మందం రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకే. బయట రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపలి నుంచి మాత్రం రేకు కాగితంలా పలచబడుతూ వస్తుంది.

అందుకే చూడవలసింది అడుగును. టార్చిలైటు పట్టుకుని నేల మీద మోకాళ్లూని, ట్యాంకు కిందికి తొంగి చూడండి. తెల్లని పేపర్ టవల్ ఒకటి తీసుకుని, అడుగుభాగాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, అతుకుల వెంబడి, గొట్టం బిగించిన చోట చుట్టూ మెల్లగా తుడవండి. రోడ్డు మీద తిరిగే డీజిలుకు పన్ను ఉంటుంది, హీటింగ్ ఆయిల్‌కు ఆ పన్ను ఉండదు. ఈ రెండూ కలవకుండా హీటింగ్ ఆయిల్‌లో ఎర్ర రంగు కలుపుతారు. కనుక కాగితం మీద దుమ్ము మాత్రమే అంటితే నెమ్మదిగా ఊపిరి పీల్చుకోవచ్చు. గులాబీ రంగు జిడ్డు మరక పడితే, అది వేలిగోరంతే ఉన్నా, ట్యాంకు చెమర్చడం మొదలుపెట్టిందని అర్థం. చెమర్చే ట్యాంకుకు మిగిలిన ఆయువు నెలల్లోనే ఉండవచ్చు, వారాల్లోనే ఉండవచ్చు; ఆ రోజే కంపెనీకి ఫోన్ చేయాలి.

అదే చూపుతో మరికొన్ని గమనించండి. రంగు బుడగలా ఉబ్బినచోట వేలితో నొక్కితే పెళుసుగా రాలుతోందా, కాళ్లు నిటారుగా ఉన్నాయా, ఫిల్టరు డబ్బా కింద తడి ఉందా, గేజు ప్లాస్టిక్ పగిలిందా అన్నవి ముఖ్యం. గేజు గొట్టం పగిలి ఉంటే ట్యాంకు నిండినప్పుడు ఆ పగులు గుండానే చమురు పైకి తన్నుకొస్తుంది. గేజు వారాల తరబడి ఒకే అంకె దగ్గర నిలిచిపోయినా అనుమానించాలి, లోపలి తేలుడు ఇరుక్కుపోయి ఉండవచ్చు.

రాగి గొట్టం బేస్‌మెంట్ కాంక్రీటు నేల కింద నుంచి పోతున్న ఇళ్లలో ఇంకొక ప్రమాదం ఉంది. కాంక్రీటు తేమకు రాగి తినుకుపోయి నేల కిందనే కారుతుంది, పైకి ఏమీ కనిపించదు. అటువంటి గొట్టాన్ని ప్లాస్టిక్ తొడుగున్న కొత్త గొట్టంతో మార్పించండి, లేదా ట్యాంకు దగ్గర ఆయిల్ సేఫ్టీ వాల్వు పెట్టించండి. బర్నరు పంపు పీల్చినప్పుడు మాత్రమే చమురును వదిలి, గొట్టం తెగితే ప్రవాహాన్ని ఆపేయడం ఆ వాల్వు పని. మసాచుసెట్స్ రాష్ట్రం 2008 నాటి చట్టం ద్వారా ఈ రెండింటిలో ఒకటి తప్పనిసరి చేసి, 2011 సెప్టెంబరు 30ని గడువుగా పెట్టింది. ఆ పని చేయించుకున్న ఇంటివారికి చమురు లీకు బీమాను బీమా కంపెనీలు అందుబాటులో ఉంచాలని కూడా అదే చట్టం చెబుతోంది. అయితే ఆ బీమా దానంతట అది పాలసీలో చేరదు, మీరు అడిగి చేర్పించుకోవాలి. మిగతా రాష్ట్రాల వారు కూడా తమ ఏజెంటును ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగడం మంచిది.

ఆరుబయట ఉన్న ట్యాంకు

బయట పెట్టిన ట్యాంకు ఎండకు వేడెక్కి రాత్రికి చల్లబడుతూ ఉంటుంది కాబట్టి లోపల తేమ ఎక్కువగా చేరుతుంది, ఆయువూ తగ్గుతుంది. తుప్పు మచ్చలు కనిపించినచోట గీకి, ఇనుముకు వేసే రంగు వేయించడం ఏడాదికోసారి చేయదగిన పని. చూరు కింద ట్యాంకు ఉంటే, పైకప్పు మీది నుంచి జారిపడే మంచుగడ్డలు ఫిల్టరును ఒక్క దెబ్బకు విరగ్గొట్టగలవు. విరిగితే ట్యాంకులో ఉన్నదంతా నేలపాలవుతుంది. ఫిల్టరుకు, వాల్వుకు పైన గట్టి రేకు కప్పు బిగించడం చవకైన రక్షణ.

చలి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే దిగినప్పుడు చమురులోని మైనం పేరుకోవడం మొదలై, సన్నని గొట్టంలో, ఫిల్టరులో అడ్డుపడుతుంది. సరిగ్గా గడ్డకట్టే చలి రాత్రి ఇల్లు చల్లబడిపోవడానికి ఇదొక కారణం. బయట ట్యాంకు ఉన్నవారు డిసెంబరుకు ముందే కంపెనీతో మాట్లాడి, చమురులో కొంత కిరోసిన్ కలిపి పోయమని అడగాలి. గాలి గొట్టం చివర మంచు కూరుకుపోకుండా, పక్షులో పురుగులో గూడు పెట్టకుండా చూసుకోవడం కూడా ఇంటివారి పనే. గాలి పోయే దారి మూసుకుపోయిన ట్యాంకులోకి లారీ పంపు వేగంగా చమురు తోస్తే ట్యాంకు అతుకులు విచ్చుకుపోవచ్చు.

చమురు మట్టం, ఏటా చేయించే సర్వీసు

ట్యాంకు పావువంతు కంటే తగ్గకుండా చూసుకోండి. అడుగంటిన చమురుతోపాటు మడ్డి కూడా గొట్టంలోకి వస్తుంది, ఫిల్టరు మూసుకుపోతుంది, బర్నరులో చమురును తుంపరగా చిమ్మే నాజిల్ పూడుకుపోతుంది. పూర్తిగా అయిపోతే గొట్టంలోకి గాలి చేరి, మళ్లీ చమురు పోసినా ఆ గాలిని బయటికి తీసేదాకా బర్నరు వెలగకపోవచ్చు.

పావు ట్యాంకు ఎన్నాళ్లు వస్తుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఒక రోజు బయటి సగటు ఉష్ణోగ్రత 65 డిగ్రీల కంటే ఎన్ని డిగ్రీలు తక్కువగా ఉంటే ఆ రోజుకు అన్ని డిగ్రీ డేలు. సగటు 30 ఉన్న రోజుకు 35 డిగ్రీ డేలు. మీ ఇల్లు ఒక్క గ్యాలనుతో అయిదు డిగ్రీ డేలు గడుపుతుందనుకుంటే, ఆ రోజు ఏడు గ్యాలన్లు ఖర్చవుతాయి. పావు ట్యాంకులో ఉండే సుమారు 60 గ్యాలన్లు ఆ లెక్కన ఎనిమిది, తొమ్మిది రోజులకు వస్తాయి. మీ ఇంటి అంకె ఎంతో కంపెనీ దగ్గర ఉంటుంది, తమంతట తామే వచ్చి నింపే ఒప్పందంలో లారీని పంపేది ఆ లెక్కతోనే. మీరు పిలిచినప్పుడే వచ్చే పద్ధతి ఎంచుకుంటే గ్యాలను ధర కాస్త తగ్గవచ్చు గానీ, మంచు తుపాను ముందు గేజు చూసుకోవలసిన బాధ్యత మీదవుతుంది. చలికాలంలో ఇండియా ప్రయాణం పెట్టుకునేవారికి నింపే ఒప్పందమే మేలని నా అభిప్రాయం. ఖాళీ ఇంట్లో చమురు అయిపోతే నీటి గొట్టాలు గడ్డకట్టి పగలడం ట్యాంకు నష్టాన్ని మించిపోతుంది.

చమురు అయిపోయి లారీ రావడం ఆలస్యమైతే పెట్రోలు బంకులో దొరికే డీజిలును తాత్కాలికంగా వాడవచ్చు, రెండూ దాదాపు ఒకే రకం ఇంధనం. డీజిలు కోసం పసుపు రంగు డబ్బానే వాడండి. కారుకు పోసే గ్యాసొలిన్ మాత్రం ఒక్క చుక్క కూడా ట్యాంకులో పడకూడదు. అది పేలుడుకు దారితీస్తుంది.

ఏడాదికోసారి, చలికి ముందు, టెక్నీషియన్ వచ్చి ఫిల్టరు, నాజిలు మార్చి, బర్నరును శుభ్రం చేసి, మంటను సరిచేస్తాడు. ఆయన వచ్చినప్పుడు ట్యాంకులో నీళ్లు ఎంత ఉన్నాయో కొలవమని అడగండి. కొలకర్ర చివర ఒక రకం పేస్టు రాసి అడుగుదాకా దించితే, నీరు తగిలినంత మేర ఆ పేస్టు రంగు మారుతుంది. కాస్త నీరుంటే పంపుతో తీయించవచ్చు. ఏటా తీసినా మళ్లీ చేరుతుంటే మూతల్లోంచో గొట్టం అతుకుల్లోంచో వాన నీరు దిగుతోందేమో వెతకాలి. మడ్డిని కరిగిస్తామని అమ్మే ద్రవాలు ఆరోగ్యంగా ఉన్న ట్యాంకులో కొంత ఉపకరిస్తాయి, తినుకుపోయిన రేకును మాత్రం తిరిగి మందం చేయలేవు.

ఇంట్లో అందరికీ చెప్పి ఉంచవలసిన రెండు సంగతులున్నాయి. బేస్‌మెంట్ మెట్ల పైన ఎర్ర పలకతో ఉండే స్విచ్చు బర్నరుది. దీపం స్విచ్చనుకుని పిల్లలో, చూడవచ్చిన అమ్మానాన్నలో దాన్ని ఆపేయడం, అర్ధరాత్రి ఇల్లు చల్లబడడం, టెక్నీషియన్ వచ్చి స్విచ్చు వేసి బిల్లు ఇచ్చి వెళ్లడం చాలా ఇళ్లలో జరుగుతుంది. రెండోది, బర్నరు మీది ఎర్ర రీసెట్ బటన్. వెలగకపోతే ఒక్కసారి నొక్కి చూడవచ్చు. పదేపదే నొక్కితే మండని చమురు లోపల పోగై, వెలిగినప్పుడు ఒక్కసారిగా భగ్గుమంటుంది.

కారుతోందని తెలిసినప్పుడు

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు "ఇల్లంతా కిరసనాయిలు వాసనేస్తోందేమిట్రా" అంటే ఆ మాటను కొట్టిపారేయకండి. ఇంట్లోనే ఉండి ఆ వాసనకు అలవాటుపడిన మన ముక్కు కంటే, కిరసనాయిలు పొయ్యి దగ్గర వంట చేసిన వాళ్ల ముక్కు ముందు పసిగడుతుంది. ఆరోగ్యంగా ఉన్న చమురు వ్యవస్థ వాసన రానేకూడదు.

కారుతున్నది కనిపిస్తే ముందు ఎర్ర స్విచ్చు ఆపి, ట్యాంకు దగ్గరి వాల్వు మూసేయండి. బొట్టు పడుతున్నచోట బకెట్ పెట్టండి. నేల మీది చమురు మీద పిల్లుల మట్టి, అంటే దుకాణాల్లో దొరికే క్యాట్ లిటర్, దట్టంగా చల్లండి. నీళ్లు, సబ్బు, బ్లీచు వాడకండి, అవి చమురును ఇంకా విస్తరింపజేస్తాయి. బేస్‌మెంట్‌లో సంప్ పంపు, అంటే నేలలోని గుంటలో చేరిన నీటిని బయటికి తోడే పంపు, ఉంటే దాని ప్లగ్గు తీసేయండి. చాలామంది మరిచిపోయేది ఇదే. గుంటలో చేరిన చమురును ఆ పంపు శ్రద్ధగా పెరట్లోకి, వాన కాలువలోకి తోసేస్తుంది. కిటికీలు తెరిచి, చిన్నపిల్లలను, గర్భిణులను ఇంటి నుంచి పంపించండి.

తర్వాత చమురు కంపెనీకి, ఆ వెంటనే రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పాలి. న్యూజెర్సీలో పర్యావరణ శాఖ వారి నంబరు 1-877-927-6337. న్యూయార్క్‌లో 1-800-457-7362, అక్కడ తెలిసిన రెండు గంటల్లోపు చెప్పాలన్నది నియమం. మసాచుసెట్స్‌లో పది గ్యాలన్లు, అంతకు మించి పారితే రెండు గంటల్లో తెలపాలి. జరిమానా భయంతో దాచిపెట్టి, మట్టిని మీరే తవ్వి చెత్తలో వేస్తే పరిస్థితి మరింత చిక్కుపడుతుంది. ఇంట్లో సొంత బావి నీరు తాగుతున్నట్లయితే పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ నీరు ముట్టకండి.

అయస్కాంతంతో అంటించే పట్టీ, ఎపాక్సీ ముద్ద వంటివి టెక్నీషియన్ వచ్చేదాకా కాలం గడపడానికే. ఒక చిల్లు పడ్డ ట్యాంకులో మరో పది చిల్లులు సిద్ధంగా ఉంటాయి.

మార్చవలసిన సమయం, మార్చే పద్ధతి

బేస్‌మెంట్‌లోని ఉక్కు ట్యాంకు సాధారణంగా ఇరవై నుంచి ముప్పై ఏళ్లు నిలుస్తుంది, ఆరుబయటిది అంతకంటే తక్కువ. ఇరవై ఏళ్లు దాటినదానికి అల్ట్రాసౌండ్ పరికరంతో అడుగు రేకు మందం కొలిపించవచ్చు. ట్యాంకును ఖాళీ చేయనక్కర్లేకుండానే రేకు ఎంత మిగిలిందో తెలుస్తుంది. వయసు తెలియని ట్యాంకును ముసలిదనే అనుకోవడం క్షేమం. ఇదే సమయంలో గ్యాస్‌కో, కరెంటుతో ఇంటిని వెచ్చబెట్టే హీట్ పంపుకో మారే ఆలోచన ఉంటే, ఆ లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. రెండేళ్లలో తీసేయబోయే ట్యాంకు మీద కొత్తగా డబ్బు పెట్టడం అనవసరం.

కొత్తది ఎంచుకునేటప్పుడు ఒంటిపొర ఉక్కు ట్యాంకు చవకైనది, పాతదాని స్థానంలో సులభంగా ఇముడుతుంది. రెండు పొరల ట్యాంకులో లోపల అతుకుల్లేని గట్టి ప్లాస్టిక్ పాత్ర, బయట గాల్వనైజ్ చేసిన ఉక్కు తొడుగు ఉంటాయి. ప్లాస్టిక్ తుప్పు పట్టదు. లోపలిది కారినా బయటి తొడుగు పట్టి ఉంచి, పైనున్న సూచిక ద్వారా తెలియజేస్తుంది. గొట్టాలన్నీ పైనుంచే బయల్దేరుతాయి కాబట్టి అడుగున కారే అతుకే ఉండదు. ధర ఎక్కువ. అయినా బేస్‌మెంట్‌ను గదులుగా మలచుకున్నవారు, సొంత బావి ఉన్నవారు రెండు పొరలదే పెట్టించుకోవాలని గట్టిగా చెబుతాను. ఒంటిపొరదే తీసుకుంటే రేకు మందాన్ని పన్నెండో గేజికి తగ్గనివ్వకండి.

మే నుంచి సెప్టెంబరు లోపు పని పెట్టుకోండి. పాత ట్యాంకులో చమురు వీలైనంత తక్కువగా ఉండేలా వసంతం నుంచే తక్కువగా పోయించుకోవాలి. లైసెన్సు ఉన్న కనీసం ఇద్దరి దగ్గర రాతపూర్వకమైన అంచనాలు తీసుకుని, అందులో టౌన్ పర్మిట్, మిగిలిన చమురు తోడడం, మడ్డి పారవేయడం, పాత ట్యాంకు తరలింపు, కొత్త రాగి గొట్టం, ఫిల్టరు, వాల్వులు, ఈల అన్నీ ఉన్నాయో లేదో చూడండి. మసాచుసెట్స్‌లో ఈ పర్మిట్ ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది. పర్మిట్ అక్కర్లేదు, చవకలో చేసేస్తామన్న మనిషిని పంపించేయండి, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి లాయరు మొదట అడిగేది ఆ కాగితమే.

పని రోజున చమురు తోడేశాక, మెట్ల మీదుగా పట్టని ట్యాంకును అక్కడే కోసి ముక్కలుగా బయటికి తీసుకుపోతారు. తోడిన చమురును తిరిగి కొత్త ట్యాంకులో పోస్తామంటే, వడకట్టిన పైచమురుకు మాత్రమే ఒప్పుకోండి. అడుగు చమురు పోస్తే పాత మడ్డితో పాటు పాత జబ్బునూ కొత్తదానికి అంటించినట్లవుతుంది. కొత్త ట్యాంకు బర్నరు మంటకు కనీసం అయిదు అడుగుల దూరంలో ఉండాలి. అడుగున గొట్టం ఉండే రకమైతే, నీరు నిలవకుండా ఆ గొట్టం వైపు కొద్దిగా వాలుగా నిలబెట్టాలి. బయట పెట్టేదానికి గట్టి కాంక్రీటు పలక తప్పనిసరి, మట్టి మీద పేర్చిన ఇటుకలు మంచు కరిగినప్పుడు కుంగుతాయి. గాలి గొట్టం చివర కిటికీలకు కనీసం రెండడుగుల దూరంలో, మంచు పేరుకునే ఎత్తుకు పైన, డ్రైవరుకు ఈల వినిపించే చోట ఉండాలి.

ట్యాంకు చోటు మారినా, చమురు నుంచి గ్యాస్‌కు మారినా, గోడ బయటి పాత నింపే గొట్టాన్ని ఆ రోజే తీసేయించి, రంధ్రం పూడ్పించండి. మూత బిగించి వదిలేస్తే సరిపోదు. పాత చిరునామా చూసి వచ్చిన లారీ డ్రైవరు, లోపల ట్యాంకు లేదని తెలియక, ఆ గొట్టంలో వందల గ్యాలన్లు పోసి బేస్‌మెంట్‌ను చమురు చెరువు చేసిన ఘటనలు ఈ రాష్ట్రాల్లో పలుమార్లు జరిగాయి.

నేల కింద ఉన్నదాని సంగతి

పెరట్లో పాతిపెట్టిన ట్యాంకులు 550, 1,000 గ్యాలన్లవి న్యూజెర్సీలో చాలా ఉన్నాయి. గ్యాస్‌కు మారినప్పుడు వాటిని అలాగే వదిలేసి, ఇల్లు రెండు మూడు చేతులు మారాక ఎవరికీ గుర్తులేకుండా పోయినవీ ఉన్నాయి. గోడ పక్కన నేలలోంచి పొడుచుకొచ్చిన ఇనుప గొట్టం, బేస్‌మెంట్ గోడలో కత్తిరించి నొక్కేసిన రాగి గొట్టం ముక్కలు, సిమెంటుతో పూడ్చిన రెండు గుండ్రని మచ్చలు కనిపిస్తే అనుమానించాలి. ఏమీ కనిపించకపోయినా, పాత ఇల్లు కొనే ముందు లోహాన్ని పసిగట్టే పరికరాలతో పెరడంతా వెతికించడం కొన్ని వందల డాలర్ల పని. ఇంటి తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు మామూలు తనిఖీలో ఇది కలిసి ఉండదు, వేరుగా అడగాలి.

ఇంటి అవసరానికి అక్కడే వాడుకునే హీటింగ్ ఆయిల్ ట్యాంకులు ఫెడరల్ ప్రభుత్వపు భూగర్భ ట్యాంకుల నియమాల పరిధిలోకి రావు, రాష్ట్రాలే చూసుకుంటాయి. న్యూజెర్సీ 2018లో ఇళ్ల చమురు ట్యాంకుల శుద్ధికి ప్రత్యేక నియమావళి తెచ్చింది. కారని ట్యాంకును తీసేయమని ఆ రాష్ట్రం బలవంతపెట్టదు, బీమా కంపెనీలు, అప్పిచ్చే బ్యాంకులు, కొనేవారు మాత్రం పట్టుబడతారు. లోపల గాలి ఒత్తిడితోనో, ద్రవంతోనో చేసే పరీక్షలో నెగ్గిందంటే ట్యాంకు ఇవాళ కారడం లేదని మాత్రమే తెలుస్తుంది, నింపేటప్పుడు ఏళ్ల క్రితం పొంగి మట్టిలో ఇంకినది అందులో తేలదు. ట్యాంకు చుట్టూ మట్టి నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపడమే నమ్మదగిన పరీక్ష. ఇసుకో, నురుగో, సిమెంటు ముద్దో నింపి అక్కడే వదిలేసే పద్ధతికి కొన్ని టౌన్లు అనుమతిస్తాయి. ట్యాంకు ఇంటి గోడ కిందకో డెక్ కిందకో చొచ్చుకుపోయి, తవ్వితే పునాది కదిలే చోట తప్ప, నేను దానివైపు మొగ్గను. తీయకుండా కింద ఏముందో ఎవరూ చూడలేరు, తర్వాత కొనేవారు మళ్లీ అదే ప్రశ్న వేస్తారు.

న్యూజెర్సీలో తీసే పని రాష్ట్ర పర్యావరణ శాఖ ధృవీకరించిన కాంట్రాక్టరే చేయాలి. తవ్వి, పైభాగం కోసి, లోపల శుభ్రం చేసి, ట్యాంకును పైకి లేపాక, టౌన్ ఇన్‌స్పెక్టరు వచ్చి ట్యాంకును, గుంటను చూస్తాడు. ఆ సమయానికి మీరు అక్కడ ఉండి, ట్యాంకు అడుగును, గుంటలోని మట్టి రంగును ఫోటోలు తీసుకోండి. చిల్లులు, తడిసిన మట్టి కనిపిస్తే అప్పుడే రాష్ట్రానికి తెలియజేసి కేసు నంబరు తీసుకుంటారు; శుద్ధి పూర్తయ్యాక ఇక చేయవలసింది ఏమీ లేదని పర్యావరణ శాఖ లేఖ ఇస్తుంది.

ఇల్లు కొంటున్నవారు ఇదంతా క్లోజింగ్‌కు, అంటే డబ్బు కట్టి ఇల్లు తమ పేరుకు మార్చుకునే రోజుకు, ముందే అమ్మేవారి చేత పూర్తి చేయించాలి. న్యూజెర్సీలో సంతకాలయ్యాక లాయరు సమీక్షకు మూడు పనిదినాల గడువుంటుంది; ట్యాంకు తొలగింపు, మట్టి పరీక్ష, శాఖ లేఖ, వీటి ఖర్చంతా అమ్మేవారిదేనన్న షరతును ఆ గడువులోనే ఒప్పందంలో రాయించండి. ఇల్లు మీ పేరు మీదికి వచ్చాక బయటపడిన చమురుకు, దాన్ని పోసింది ఎవరైనా, ప్రభుత్వం ముందుగా తలుపు తట్టేది మీదే. కొన్నాక పర్మిట్, ఇన్‌స్పెక్టరు ఆమోదం, ప్రయోగశాల ఫలితాలు, చమురును పారవేసిన రసీదు, శాఖ లేఖ, ఈ అయిదింటినీ ఇంటి దస్తావేజుతో కలిపి ఒకే ఫైలులో ఉంచండి.